పిల్లుల ల్యుకీమియా: క్రొత్త మందుల మాట

బనగానపల్లె నుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారి యింటి పిల్లికి మూడేండ్లు. కొంతకాలముగా తిండి మానినది, చిక్కినది, చిగుళ్లు సున్నమువలె తెల్లబారినవి. పట్టణమునకు గొనిపోయి నెత్తురు పరీక్షింపజేయగా పిల్లుల ల్యుకీమియా యని చెప్పిరట. పరదేశముననున్న కుమారుడు మూడు మందుల పేర్లు వ్రాసి పంపినాడు. పొరుగింటావిడ కలబందరసము పట్టుమనుచున్నది. పంట చేతికి రాని యేట పిల్లికి వేలకు వేలు పోయుట యేమి పిచ్చియని అత్తగారి మాట. ఇంట మఱి రెండు కూనలు కూడ నున్నవి. ఏ మందు వాడుమందురని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్నను మేము తేలికగా తలపము. జొన్నల గాదెకు ఎలుకలు రాకుండ కాచిన ప్రాణి యది. పిల్లిని చంపినవారు బంగారుపిల్లిని చేయించి దానమీయవలెనని మన పెద్దలు చెప్పుదురు. చంపినందుకు అంతటి ప్రాయశ్చిత్తము విధించినవారు, బ్రదికించుటకు ఎంత వ్యయము చేయవచ్చునో మాత్రము చెప్పిపోలేదు.

ఈ వ్యాధికి మూలము ఒక వైరస్. 1964లో స్కాట్లండులోని గ్లాస్గో పట్టణమున విలియం జారెట్ అను పశువైద్య పండితుడును అతని సహచరులును దీనిని కనుగొనిరి. ఇది ముఖ్యముగా ఎంగిలివలన పాకును. పిల్లులు ఒకదానినొకటి నాకుకొనుట, ఒకే గిన్నెలో తినుట, కరచుకొనుట చాలును. తల్లినుండి కూనలకును వచ్చును. మనుష్యులకు అంటదు. కావున పసిబిడ్డలున్న యిండ్లవారు భయపడి పిల్లిని వీధిపాలు చేయనక్కరలేదు. ఈ వైరస్ పిల్లి శరీరకణములలో చొచ్చి, తన బీజమును ఆ కణముల బీజములోనే కలిపివేయును. పాలలో కలిసిన తోడును మరల వేరుచేసి తీయజాలము గదా, ఇదియు నట్టిదే. అందుచేత దీనిని సమూలముగా పోగొట్టు మందు నేటివరకు లేదు.

అయితే వైరస్ సోకిన ప్రతి పిల్లియు చావదు. కొన్ని దానిని బొత్తిగా త్రోసివేయును. కొన్ని అణచిపెట్టి ఏండ్ల తరబడి సుఖముగా బ్రదుకును. కొన్నిటి నెత్తురులో మాత్రము అది ఎడతెగక తిరుగుచుండును. అట్టివానిలో పెక్కు మూడేండ్లలోపల పోవును. ఒక్కసారి చేసిన చుక్కనెత్తురు పరీక్షతో మన పిల్లి యే తెగలోనిదో తేలదు. మఱియొక విధమైన పరీక్షతో సరిచూచి, కొన్ని వారముల పిదప మరల చూడవలెను. ఇది చేయక మందు మొదలిడినచో, తనంతట తాను కోలుకొను పిల్లి కోలుకొన్న యశము మందునకు పోవును. చిగుళ్లు తెల్లబారుట కూడ ఈ వైరస్ వలననే యని నిశ్చయింపరాదు. ఒంటిమీది నెత్తురుత్రాగు పురుగులవలనను, రక్తకణములను పట్టు ఇతర సూక్ష్మజీవులవలనను అట్లగును. అవి చవుకమందులకు లొంగును. మొదట వానిని వెదకుమని వైద్యుని అడుగవలెను.

ఇక కుమారుడు వ్రాసిన మందులు. మొదటిది ఇంటర్‌ఫెరాన్ ఒమేగా. 2004లో ప్రకటింపబడిన యొక పరీక్షలో రోగలక్షణములు గల 81 పిల్లులను తీసికొని, కొన్నిటికి ఈ మందును, తక్కినవానికి మందులేని ఉత్తసూదిని ఇచ్చిరి. తొమ్మిది మాసములకు మందు పొందినవానిలో నూటికి 39, పొందనివానిలో నూటికి 59 చనిపోయినవి. ఏడాదికి ఆ లెక్క 47, 59 అయ్యెను. అనగా ఏడాది చివరకు నూటికి పండ్రెండు పిల్లులు అధికముగా మిగిలినవి. లాభము లేదనరాదు, గొప్ప లాభమనియు ననరాదు. నెత్తురులో వైరస్ తగ్గెనా యనునది అందు కొలువనేలేదు. అయిదేసి దినముల చొప్పున మూడు విడతలు, మొత్తము 15 సూదులు. మందును 2 మొదలు 8 డిగ్రీల చలువలో నుంచవలెను. మే నెలలో దానిని బనగానపల్లెకు తెచ్చుట యెట్లో, కరెంటు పోయిన రాత్రి కాపాడుట యెట్లో ముందే ఆలోచించుకొనవలెను. ఆ యూరి మామిడికి మేలుచేయు ఎండ ఈ మందునకు మేలుచేయదు.

రెండవది జిడోవుడిన్. ఎయిడ్సు రోగులకు 1987లో అనుమతింపబడిన మందు ఇదియే. పిల్లులమీది పరిశోధనలో, వైరస్ సోకిన వెంటనే ఇచ్చినప్పుడు ఇది బాగుగా పనిచేసెను. వైరస్ నిలద్రొక్కుకొన్న పిమ్మట ప్రయోజనము స్వల్పము. ఇంటిపిల్లికి అది ఎన్నడు సోకినదో యెవరెరుగుదురు? పైగా ఈ మందు నెత్తురు పుట్టుటను తగ్గించును. చిగుళ్లు తెల్లబారిన పిల్లికి దీనిని మాటిమాటికి రక్తపరీక్ష చేయింపక ఇచ్చుట ప్రమాదము. మూడవది రాల్టెగ్రవిర్. వాడునంతకాలము వైరస్ తగ్గెను, ఆపగానే మరల పెరిగెను.

క్రొత్త మందును గూర్చి ఎట్లు మాటలాడవలెనో ల్యుకీమియా చరిత్రలోనే యొక మంచి యుదాహరణ మున్నది. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడిపిన లెడర్లీ శాలలో అమినోప్టెరిన్ తయారైనది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దానిని ల్యుకీమియా వచ్చిన పిల్లలకిచ్చి 1948లో ఫలితమును ప్రకటించెను. పదునార్గురిలో పదిమందికి గుణము కనిపించినది. అంతకుముందు ఎవరును చూడని ఫలితమది. అయినను ఆయన తన వ్యాసపు పేరులోనే ‘తాత్కాలికము’ అను మాటను మొదట ఉంచెను. పిల్లుల వ్యాధి వేఱు, ఆ బిడ్డల వ్యాధి వేఱు. కాని మందు నమ్మువారు ఆ యొక్క మాటను చెప్పుచున్నారో లేదో చూచుకొనవలెను.

కలబంద మాట యొకటి మిగిలినది. పొరుగింటావిడ మాట వట్టిపుకారు కాదు. కలబందనుండి తీసి శుద్ధిచేసిన అసిమానన్ అను పదార్థమును 44 జబ్బుపిల్లులకు సూదితో ఇచ్చి, 12 వారములకు నూటికి 71 బ్రదికియున్నవని 1991లో వ్రాసిరి. కాని మందీయని పిల్లులను ప్రక్కన ఉంచి పోల్చి చూడలేదు. ఈయకున్నను ఎన్ని బ్రదికియుండెడివో! మఱియు అది శుద్ధిచేసిన సారము. పెరటి కలబంద మట్టను కోసి పట్టినచో, ఆ పసుపురసము పిల్లికి వాంతులను, విరేచనములను తెచ్చును. తప్పక మానవలెను. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తురును చెఱచును. జ్వరము వచ్చినదని పిల్లలకిచ్చు పారాసెటమాల్ బిళ్లలో ముక్కయైనను ఈయరాదు; పిల్లికది ప్రాణాంతకము.

అత్తగారికి మా సమాధానమిది. మొదటి రూకలు రెండవ పరీక్షకు, తరువాతివి లొంగదగిన రోగములకు, ఆపైన తిండికి. మజ్జిగన్నముతో పిల్లి నిలువదు. ఉడికించిన మాంసమో, చేపయో, కోడిగ్రుడ్డో కావలెను. పచ్చిమాంసము మాత్రము కూడదు. ఇవన్నియు జరిగి, పిల్లి ఇంకను తినుచు, ఎండలో మేను కాచుకొనుచు, పిలిచిన తిరిగి చూచుచున్నచో, చేతిలో ధనమున్నచో ఇంటర్‌ఫెరాన్ సంగతి అడుగవచ్చును. నగ తాకట్టు పెట్టి కొనదగినంత మందు కాదది. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలవారిని సలహా యడుగవచ్చును. తిండి ముట్టక, ఊపిరికి ఎగబ్రాకుచు, సూదిని చూడగనే మంచముక్రిందికి దూరు దినములే యెక్కువైనచో మందు మానుటలో పాపము లేదని మా తలపు.

కూనల మాట ఆలసింపరాదు. ఈ వైరస్ పసివానిని సులభముగా పట్టును. గిన్నెలు, పడక, గది నేడే వేరుచేయుడు. గిన్నెలకు సబ్బునీరు చాలును; వెలుపల ఈ వైరస్ ఎక్కువసేపు నిలువదు. రెండింటికిని పరీక్ష చేయింపుడు. పిల్లులకు సాధారణముగా వేయు మూడు రోగముల టీకా దీనిని ఆపదు. దీనికి వేఱు టీకా కలదు, అదియు వైరస్ సోకకముందే వేయవలెను. జబ్బుపిల్లి ఆడుదైనచో మఱి యీనకుండ, కోలుకొన్న పిదప వైద్యుని సలహాతో శస్త్రము చేయించి, రాత్రులు ప్రహరిగోడ దాటకుండ చూచుకొనుడు.