మన ఇంటి సముద్రం: పగడాలకు ఎంత సున్నం?

అమ్మమ్మ వేలికి పగడపు ఉంగరం ఉండటం పిల్లల్లో చాలామంది చూసే ఉంటారు. ఆ పగడం ఒక చిన్న సముద్ర జీవి కట్టుకున్న ఇల్లు. అందులో ఉన్నది ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్. గవ్వల్లో, కోడిగుడ్డు పెంకులో ఉండేదీ అదే. మన రీఫ్ అక్వేరియంలోని రాతి పగడాలు కూడా నీటిలోని కాల్షియంతోనే పెరుగుతాయి. సముద్రంలో ఆ నిల్వకు కొదవ లేదు. మన గాజు తొట్టెలో మాత్రం రోజూ తరుగుతుంది. అందుకే ముందు కొలవాలి, తర్వాత తరిగినంతే కలపాలి.

ఎంత ఉండాలి?

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 410 నుంచి 420 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తొట్టెలో 400 - 450 మధ్య ఉంటే చాలు. దానికి తోడు నీటిలోని కార్బొనేట్ నిల్వను చెప్పే ఆల్కలినిటీ 7 - 10 డీకేహెచ్, మెగ్నీషియం 1250 - 1350 ఉండాలి. పగడం కాల్షియాన్నీ కార్బొనేట్‌నీ కలిపి వాడుకుంటుంది. 20 మిల్లీగ్రాముల కాల్షియం తరిగితే ఆల్కలినిటీ దాదాపు 2.8 తగ్గుతుంది. బియ్యం ఎంత ఉన్నా పప్పు అయిపోతే పులగం కాదు కదా! మెగ్నీషియం తక్కువైతే ఈ రెండూ నీటిలో నిలవక, సున్నంలా పేరుకుపోతాయి.

ఎలా కొలవాలి?

మొదట ఉప్పదనం చూడండి. రిఫ్రాక్టోమీటర్ 1.026 దగ్గర ఉండాలి. నీరు పలచబడితే కాల్షియం కూడా తక్కువే చూపిస్తుంది. తర్వాత కిట్‌లో చెప్పినంత నీరు సిరంజితో తీసి, మొదటి మందు, రంగు మందు వేసి, చివరి మందు చుక్క చుక్కగా కలపాలి. గులాబీ రంగు పూర్తిగా నీలంగా మారేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. కొన్ని కిట్లలో ఒక చుక్కంటే 20 మిల్లీగ్రాములు. కాబట్టి పది తేడాకు కంగారు పడొద్దు. ఈ మందులు చర్మాన్ని, కళ్ళను మండిస్తాయి. పిల్లలు పెద్దవాళ్ళ పక్కనే ఉండి చేయాలి.

ఎలా సరిచేయాలి?

చేపలు, మెత్తటి పగడాలే ఉన్న తొట్టెకు క్రమం తప్పకుండా నీళ్లు మారిస్తే సరిపోతుంది. రాతి పగడాలుంటే లెక్క వేయాలి. 100 లీటర్ల నీటిలో, ఏమీ కలపకుండా, 10 రోజుల్లో కాల్షియం 430 నుంచి 410కి దిగిందనుకుందాం. అంటే రోజుకు 2 చొప్పున, మొత్తం 200 మిల్లీగ్రాములు. దానికి రోజూ ముప్పావు గ్రాము కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్, 0.84 గ్రాముల వంటసోడా కావాలి. రెండింటినీ విడివిడిగా ఆర్ఓ నీళ్లలో కరిగించి, కనీసం అరగంట తేడాతో, నీరు బాగా కదిలే చోట పోయాలి. ఒకే గ్లాసులో కలిపితే తెల్లగా విరిగిపోయి ఎందుకూ పనికిరాదు. లోటు ఎంత ఉన్నా రోజుకు కాల్షియం 20, ఆల్కలినిటీ 1 కంటే ఎక్కువ పెంచకండి. తక్కువ కాల్షియాన్ని పగడం కొంతకాలం తట్టుకుంటుంది కానీ, ఒక్కసారిగా వచ్చే మార్పును తట్టుకోవడం కష్టం.

మరో దారి సున్నపు తేట. బడిలో స్ట్రాతో ఊదితే పాలలా మారేది ఇదే. ఇది కాల్షియాన్నీ ఆల్కలినిటీనీ సమపాళ్లలో ఇస్తుంది. క్షారగుణం చాలా ఎక్కువ కనుక, ఆవిరైన నీటికి బదులుగా రాత్రిపూట బొట్లు బొట్లుగా మాత్రమే పడాలి. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ వాడండి. తాంబూలం డబ్బాలో సున్నం మాత్రం వద్దు!

వేసవి సెలవులకు ఇండియా వెళ్ళేవారికి ఒక మాట. ప్రయాణానికి నెల ముందే రోజువారీ లెక్క తేల్చుకోండి. ఏ రోజు మోతాదు ఆ రోజుకు చిన్న సీసాల్లో పోసి, తేదీ రాసి, పక్కింటివారికి అప్పగించండి. డబ్బా మొత్తం ఇచ్చి "కొంచెం వేయండి" అంటే, ఎవరి "కొంచెం" వారిది.

పిల్లలూ, ఈసారి మీ పని: ప్రతి ఆదివారం ఒకే వేళకు కొలిచి, తేదీతో నోటుబుక్కులో రాసి గ్రాఫు గీయండి. ఆ గీత మెల్లగా కిందికి వాలుతోందంటే మీ పగడాలు పెరుగుతున్నాయన్నమాట!