లెక్కలో ఉంటాం, విలువలో ఉండం: ఫ్లోరిడా నుంచి పవర్ హౌస్ దాకా

అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చాయంటే తెలుగు ఇళ్లలో మన ఎన్నికలంత హడావుడి. 2024లో ఉషా వాన్స్ పూర్వీకుల ఊరైన వడ్లూరు ఒక్క రాత్రిలో పత్రికలకెక్కింది. ఎవరు గెలుస్తారు, వీసాల సంగతేమిటి అన్నదే మన చర్చ. ఆ దేశంలో ఎవరి ఓటుకు ఎంత విలువ అన్నది మాత్రం ఎవరూ అడగరు. అంబేద్కర్‌వాదులు ముందుగా అడగాల్సింది అదే.

అమెరికా ప్రజలు అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకోరు. రాష్ట్రాలవారీగా పంచిన 538 మంది ఎలక్టర్లలో 270 మంది మద్దతు ఉన్నవారే గెలుస్తారు. 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్ర ఎలక్టర్లంతా గెలిచినవారికే. 2000 నవంబరు 7న దేశం మొత్తం మీద అల్ గోర్‌కు 5 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. కానీ ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో జార్జ్ బుష్ అధ్యక్షుడయ్యాడు. రీకౌంటింగ్‌ను డిసెంబరు 12న సుప్రీంకోర్టు ముగించేసింది. ఆ రాష్ట్రంలో నల్లజాతి ఓటర్ల బ్యాలెట్లు ఇతరుల కంటే దాదాపు పది రెట్లు ఎక్కువగా తిరస్కరణకు గురయ్యే పరిస్థితి ఉండిందని అమెరికా పౌరహక్కుల కమిషన్ తర్వాత తేల్చింది. 537 అన్న అంకె పక్కన ఈ మాట పెట్టి చదవాలి.

ఈ పద్ధతి పునాదిలోనే బానిసత్వం ఉంది. 1787 రాజ్యాంగం సీట్ల పంపకానికి ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కించింది. బానిసకు ఓటు లేదు. కానీ అతని తల లెక్క యజమాని రాష్ట్రానికి సీట్లనూ, ఎలక్టర్లనూ పెంచింది. ఇప్పుడు ఓటు ఉంది. అయినా జనాభాలో మూడో వంతుకు పైగా నల్లజాతీయులున్న మిసిసిపీ ఎలక్టర్లంతా 1980 నుంచి ప్రతిసారీ రిపబ్లికన్లకే వెళ్తున్నారు. తల లెక్కకు వస్తుంది, మాట లెక్కకు రాదు.

ఇది మనకు కొత్త కాదు. 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందంతో మనకు 148 సీట్లు దక్కాయి. మన ప్రతినిధిని మనమే ఎన్నుకునే హక్కు పోయింది. ఓటు సమానమైనంత మాత్రాన మనిషి విలువ సమానం కాదని 1949 నవంబరు 25న బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో హెచ్చరించారు కూడా.

ఇక భిలాయి పవర్ హౌస్‌కు వద్దాం. ఫ్లోరిడా ఎన్నికకు సరిగ్గా ఆరు రోజుల ముందు, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టింది. భిలాయి ఉక్కు కర్మాగారం అంతకంటే పాతది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. దాన్ని కట్టడానికి ఉత్తరాంధ్ర నుంచి వేలాదిగా కూలీలు వెళ్లారు. వారిలో మాల, మాదిగ, రెల్లి కుటుంబాలూ ఉన్నాయి. 1992 జూలై 1న పదిహేను మందికి పైగా కార్మికులు పోలీసు కాల్పుల్లో చనిపోయింది ఈ పవర్ హౌస్ స్టేషన్ దగ్గరే. ఓటు వినిపించనప్పుడు మనుషులు పట్టాలెక్కుతారు.

రాజ్యాంగంలోని 341వ అధికరణం ప్రకారం షెడ్యూల్డ్ కులం అంటే ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ మాత్రమే. తొలి రాష్ట్రపతి ఉత్తర్వు 1950 ఆగస్టు 10న వచ్చింది. ఆ తేదీ తర్వాత వలస వెళ్లిన దళితులకు కొత్త రాష్ట్రంలో ఎస్సీ హక్కులు వర్తించవు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులోనూ, 2018లో బీర్ సింగ్ కేసులోనూ సుప్రీంకోర్టు వలసదారుల వాదనను ఒప్పుకోలేదు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒప్పందం 1955ది, గీత 1950ది. ఆ కర్మాగారం కోసం వచ్చిన దళితుడెవరూ ఆ గీతకు ఇవతలే తప్ప అవతల ఉండే అవకాశమే లేదు.

తాత వలస పత్రంతో మనవడికి కేంద్ర కొలువుల్లో రిజర్వేషన్ ఉంది. రాష్ట్ర కాలేజీలో, రాష్ట్ర ఉద్యోగంలో లేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఇంకా విచిత్రం. వేరే రాష్ట్రపు ఎస్సీ కూడా లోక్‌సభ రిజర్వుడు స్థానంలో నిలబడవచ్చు, అసెంబ్లీ స్థానంలో కుదరదు. అంటే కులం ఢిల్లీ దాకా ప్రయాణిస్తుంది, రాయ్‌పూర్‌లో మాత్రం దిగదు! వివక్షకు అలాంటి సరిహద్దు లేదు. అద్దె ఇల్లు అడిగినచోట, పిల్లకు సంబంధం చూసినచోట కులం ముందే వచ్చి కూర్చుంటుంది.

వలస వచ్చినవారిని చేరిస్తే సత్నామీల వంటి స్థానిక దళితుల వాటా తగ్గదా? ఆ భయం న్యాయమైనదే. అయితే 332వ అధికరణం ప్రకారం రిజర్వుడు సీట్లు ఎస్సీ జనాభాకు అనుగుణంగా ఉండాలి. జనగణన ఆ రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలనే ఎస్సీలుగా లెక్కిస్తుంది. జాబితాలో లేని వలస దళితుడు మొత్తం జనాభాలో ఒక తలగా చేరతాడు, ఎస్సీ జనాభాలో చేరడు. దానివల్ల ఎస్సీ శాతమే తగ్గుతుంది. ఆ నష్టం స్థానిక దళితుడిది కూడా. లెక్కా, వాటా కలిసి పెరగాలన్నదే మన డిమాండ్ కావాలి.

కులగణన చేస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన. ఇప్పుడు అడగకపోతే మరో తరం దాకా ఎదురుచూడాలి. పార్లమెంటు 341ను సవరించగలదు. విశ్వవిద్యాలయాల్లో ఉన్న మన విద్యార్థులు, పరిశోధకులు భిలాయి, ఖరగ్‌పూర్, ముంబయి బస్తీల్లోని వలస దళితుల లెక్క తీయాలి. పెన్సిల్వేనియా ఓట్లను అర్ధరాత్రి దాకా లెక్కపెట్టగలిగిన మనకు, పవర్ హౌస్‌లో లెక్కకు రాని మనవాళ్లను లెక్కపెట్టడం అంత కష్టం కాదు.

జై భీమ్.