వరుస మనమే రాసుకోవాలి

హోసూరు వైపు ఒక తెలుగు బడి. కంప్యూటర్ గదిలో పది యంత్రాలు. ఒక్కోదానిలో 2 జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్ డిస్కు. పిల్లలు తెలుగులో ఒక పేరా టైపు చేసి, బొమ్మ కోసం బ్రౌజర్ తెరిస్తే చాలు, తెర బిగుసుకుపోయేది. మౌస్ కదలదు, డిస్కు మాత్రం గరగరమంటూ ఉంటుంది. నలభై నిమిషాల పీరియడ్‌లో పావుగంట ఎదురుచూపులకే సరిపోయేది.

తల్లిదండ్రులు తలా కొంత వేసుకుని ఒక్కో యంత్రానికి చిన్న ఎస్‌ఎస్‌డీ కొనిచ్చారు. పాత డిస్కును అలాగే ఉంచి, కొత్తదాని మీద లినక్స్ ఎక్కించారు. యంత్రం గబగబా లేస్తోంది గానీ, రెండు పనులు ఒకేసారి పెడితే మళ్లీ అదే గరగర. ‘మా డబ్బు బూడిదలో పోసిన పన్నీరేనా సార్?’ అని ఒక తండ్రి అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మేము కొందరం టీచర్లం, తల్లిదండ్రులం ఒక ఆదివారం ఆ గదిలో కూర్చున్నాం. దొరికిన జవాబు మన బడులన్నిటికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

ర్యామ్ నిండినప్పుడు లినక్స్ అప్పటికి అవసరం లేని సమాచారాన్ని తీసి డిస్కులో ఒక చోట పెడుతుంది. ఆ చోటే స్వాప్. ఇలాంటి చోట్లు ఒకటికి మించి ఉండవచ్చు. ఏది ముందు, ఏది వెనుక అన్నది ప్రాధాన్యపు అంకెను బట్టి ఉంటుంది. పెద్ద అంకె ఉన్నది ముందు నిండుతుంది. అది నిండాకే రెండోదాని వంతు. ఎవరూ అంకె ఇవ్వకపోతే? మేము చూసిన యంత్రాల్లో, జాబితాలో ముందు రాసి ఉన్నదానికే పెద్దపీట. ఆ జాబితాలో పాత హార్డ్ డిస్కు స్వాప్ పైన ఉంది, ఎస్‌ఎస్‌డీ స్వాప్ కింద ఉంది. చందాలతో కొన్న ఎస్‌ఎస్‌డీలో స్వాప్ ఖాళీగా కూర్చుంది, ముసలి డిస్కు మోత మోస్తోంది. హార్డ్ డిస్కులో సూది ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగడానికే కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో జరగాల్సిన సూదే లేదు.

సరిచేయడానికి పైసా ఖర్చు కాలేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో స్వాప్ వరుసల పక్కన అంకెలు రాశాం: ఎస్‌ఎస్‌డీకి 10, పాత డిస్కుకు 5. 0 నుంచి 32767 దాకా ఏ అంకె అయినా ఇవ్వవచ్చు. చూడాల్సింది ఏది పెద్దది, ఏది చిన్నది అన్నదే. వీటికి ముందు జీ-ర్యామ్‌ను 100 అంకెతో పెట్టాం. అది ర్యామ్‌లోనే కొంత భాగంలో సమాచారాన్ని నొక్కి, కుదించి దాచే ఏర్పాటు. ప్రాసెసర్‌కు కొంచెం పని పెరిగినా, డిస్కు దాకా పోవడం కంటే అదే త్వరగా అవుతుంది. యంత్రాలను ఒకసారి ఆపి మళ్లీ వేశాం. మరుసటి వారం పిల్లలు పీరియడ్ మొత్తం టైపు చేశారు.

రెండు జాగ్రత్తలు. ఎస్‌ఎస్‌డీకి, హార్డ్ డిస్కుకు ఒకే అంకె ఇవ్వకండి. ఇస్తే లినక్స్ రెండింటికీ వంతులవారీగా పని పంచుతుంది, నెమ్మదైనదాని కోసం వేగమైనది ఆగాల్సి వస్తుంది. పెన్ డ్రైవ్‌ను స్వాప్‌గా వాడకండి. నెమ్మదిగా ఉంటుంది, త్వరగా పాడవుతుంది కూడా. స్వాప్ ఎంత సర్దినా అది ర్యామ్‌కు బదులు కాదు. చేతిలో డబ్బుంటే మొదట ర్యామ్ పెంచండి.

ఇక మేము చెప్పదలచుకున్న అసలు మాట. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. దాంతో ఇలాంటి పాత యంత్రాలను చెత్త కింద లెక్కకట్టేస్తారు. పాతవి పోవడమే గానీ కొత్తవి ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పరు. అవి వెళ్లిపోతే మన పిల్లలకు పోయేది కంప్యూటర్ ఒక్కటే కాదు. ఇంటి ఫోన్‌లో వాళ్లు తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. తెలుగు అక్షరాన్ని కీబోర్డు మీద చూసి, వేలితో నేర్చుకునే చోటు చాలామందికి ఈ గది ఒక్కటే. అక్కడ ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్న పిల్లకు తమిళమో, కన్నడమో, ఒడియానో టైపు చేయడం కూడా సులువు. ఆ భాషలన్నిటిలో ఒకే ధ్వని చాలావరకు ఒకే మీట మీద ఉంటుంది.

‘ఇలా సర్దుకుపోతే ప్రభుత్వం కొత్తవి ఇవ్వనే ఇవ్వదు’ అని కొందరు మిత్రులు అంటారు. ఆ భయం మాకూ ఉంది. భాషాపర అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణంలో రాష్ట్రాలకు చెబుతోంది. కొత్త యంత్రాలు అడగడం మానొద్దు. కానీ అర్జీ కదిలేలోపు ఒక తరగతి పిల్లలు బడి దాటి వెళ్లిపోతారు. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా లినక్స్ మీదే పాఠాలు నడుపుతున్నాయి. అది గతిలేనివాళ్ల దారి అనుకోవడం తప్పు.

బడిలో కనీసం ఇద్దరు టీచర్లకు ఈ పని వచ్చి ఉండాలి. ఏ యంత్రంలో ఎంత ర్యామ్, ఎన్ని స్వాప్‌లు, ఏ అంకెలు అన్నది ఒక నోటు పుస్తకంలో, తెలుగులో రాసి గదిలోనే పెట్టాలి. కమిటీ సమావేశంలో తల్లిదండ్రులు ఆ పుస్తకం అడిగి చూడాలి. ఏదైనా కొనేముందు, ఉన్నది ఏ వరుసలో పనిచేస్తోందో చూడాలి.

ఆ గదిలో మేము నేర్చుకున్నది ఇదే. వరుస మనం చెప్పకపోతే, ముందు నుంచీ పైన ఉన్నదే పైన ఉంటుంది. టైమ్‌టేబుల్‌లో తెలుగు కంప్యూటర్ పీరియడ్ సంగతీ అంతే. అదెక్కడుందో ఈ వారం మీ బడిలో ఒకసారి చూడండి.