వీధిదీపం ఎవరి ఇంటి ముందు వెలగాలి?

కొత్తపట్నం నుంచి ఒంగోలు ఇరవై కిలోమీటర్ల లోపే. చేపల గంపలతో, ఇసుక నేలల్లో దొరువు నీళ్ళతో పండించిన కూరగాయల మూటలతో ఆడవాళ్ళు తెల్లవారకముందే రోడ్డెక్కుతారు. సరుకు అమ్ముకుని, గ్రూపు వాయిదా డబ్బు కొంగున ముడేసుకుని తిరిగి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. మిరపకోతలకు పై ఊళ్ళకు కూలికి పోయేవాళ్ళదీ ఇదే తీరు. పోయేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. వీధిదీపం అవసరం అందరికంటే ఎక్కువ ఎవరికి? ఈ ఆడవాళ్ళకి. దీపం ఎక్కడ వెయ్యాలో, మాడిపోయిన బల్బు ఎప్పుడు మార్చాలో తేల్చే లెక్కలో కనిపించనిది ఎవరు? ఈ ఆడవాళ్ళే.

కొన్నేళ్ళ క్రితం మా తీరంలో ఒక పాలెం ఆడవాళ్ళతో కలిసి దీపాల కోసం అర్జీ పట్టుకుని వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. చెబితే తప్పంతా ఆ ఒక్క ఊరిదేనని మిగతా ఊళ్ళు చేతులు దులుపుకుంటాయి. రోడ్డు మీంచి పాలెంలోకి పోయే దారికి రెండు పక్కలా సర్కారు తుమ్మలు. స్తంభాలున్నాయి, దీపాలు లేవు. అక్కడి ఉద్యోగి అర్జీ చదివి, ఇంటిపన్నుల రిజిస్టరు తిరగేశాడు. "ఈ ఇళ్ళకి అసెస్‌మెంటు నంబర్లే లేవు కదమ్మా! పన్ను కట్టేవాళ్ళే లైట్లు వెలగడం లేదని గోల పెడుతుంటే, కట్టనివాళ్ళకి ఎక్కణ్ణుంచి తెచ్చి వెయ్యమంటారు?" అన్నాడు. మాతో వచ్చిన పెద్దామె, "ఇంటికి నంబరు లేకపోతే లేకపోయె, మేం నడిచే దారికి కూడా నంబరు కావాలా అయ్యా?" అంది. దానికి జవాబు రాలేదు.

ఆ ఉద్యోగి చెడ్డవాడేం కాదు. అతనిచేత ఆ మాట అనిపించింది ఒక లెక్క. ఆ లెక్కతోనే నా పోట్లాట.

1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం దీపాల పన్నును ఆస్తిపన్నులో ఒక భాగం చేసింది. పల్లెల్లోనూ ఇంటిపన్నుతో పాటే వీధిదీపాల పన్ను వసూలు చేసే పంచాయతీలున్నాయి. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 45వ సెక్షన్, వీధుల్లో బహిరంగ స్థలాల్లో దీపాలు పెట్టడం పంచాయతీ విధి అని చెప్పింది. పన్ను కట్టినవాళ్ళ వీధుల్లోనే అని చెప్పలేదు. కానీ నిధుల మేరకు అని ఒక చిన్న మాట చేర్చింది. ఆ చిన్న మాట సందులోంచే మన హక్కు జారిపోతోంది. నిధులెంత అంటే పన్నెంత, పన్నెంత అంటే ఇళ్ళెన్ని!

ఎవరి ఇళ్ళు? పోరంబోకులో వేసుకున్న గుడిసె ఆ రిజిస్టరుకెక్కదు. అద్దెకుండే ఒంటరి స్త్రీ పన్ను భారాన్ని అద్దెలోనే మోస్తుంది, రశీదు మాత్రం యజమాని పేరున వస్తుంది. ఇల్లు కట్టడానికి పుస్తెలతాడు కుదువపెట్టిన భార్య పేరు ఆ కాగితం మీద ఉండదు. 2020 డిసెంబరులో రాష్ట్రంలో ఇళ్ళస్థలాల పట్టాలు ఆడవాళ్ళ పేరున ఇవ్వడం మొదలుపెట్టారు. మంచిదే. కానీ ఊరికి దూరంగా విసిరేసిన కాలనీలో రోడ్డు, దీపం సంగతేమిటి? పట్టా ఆడదాని పేరున, చీకటీ ఆడదాని పేరునేనా?

డబ్బుల్లేవంటారు. లెక్క వేసి చూద్దాం. ఇరవై నాలుగు వాట్ల ఎల్.ఇ.డి. దీపం రాత్రికి పన్నెండు గంటలు వెలిగితే ఏడాదికి సుమారు 105 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా 735 రూపాయలు. పగలంతా ఆర్పే దిక్కులేక వెలిగే దీపాలకు స్విచ్చి పెడితే, ఆ మిగిలిన కరెంటుతో పాలెం దారి వెలుగుతుంది.

పథకాలు రాలేదా? వచ్చాయి. 2015 జనవరిలో కేంద్రం ఎల్.ఇ.డి. వీధిదీపాల పథకం మొదలుపెట్టింది. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నంలో పాత దీపాలు తీసి ఇవి బిగించారు. పెట్టిన డబ్బును కరెంటు ఆదాలోంచి రాబట్టుకునే పద్ధతి అది. కానీ ఆదా వచ్చేది ఇదివరకే దీపమున్న చోట. ఎన్నడూ దీపమెరుగని దారిలో ఆదా చెయ్యడానికి ఏముంది? 2013లో నిర్భయ నిధి వచ్చింది. దాంతో చేపట్టిన సేఫ్ సిటీ ప్రాజెక్టుకు ఎంపికైనవి ఎనిమిది మహానగరాలు. మన తెలుగు నేలలో హైదరాబాదు ఒక్కటే. పల్లె ఆడదానికి భయం లేదనుకున్నారు కాబోలు! ఇక ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద మళ్ళించారని 2021లో మన రాష్ట్ర సర్పంచులే వీధికెక్కారు.

ఆస్తిని బట్టి వెలుగు అనే ఈ నీతి మన ఒక్కరిదే కాదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం వీధిదీపాల ఖర్చును చుట్టుపక్కల ఆస్తుల మీద వేసే రుసుముతో నడుపుతోంది. 1996లో కాలిఫోర్నియా ప్రజలు ఆమోదించిన 218వ ప్రతిపాదన ప్రకారం ఆ రుసుము పెంచాలంటే ఆస్తి యజమానుల ఓటు కావాలి. ఎవరు ఎక్కువ రుసుము కట్టాల్సి వస్తే వారి ఓటుకు అంత బరువు! పాతికేళ్ళు దాటినా చాలా ఆస్తుల మీద ఆ రుసుము పెరగక, రాగి తీగల దొంగతనాలు తోడై, ఎన్నో వీధులు చీకటిపాలయ్యాయి. అద్దె ఇంట్లో ఉంటూ రాత్రి షిఫ్టు నుంచి నడిచి వచ్చే మనిషికి అక్కడా ఓటు లేదు.

నేను పన్ను వద్దనడం లేదు. పన్ను కట్టడం పౌరసత్వంలో భాగమే. గిడ్డంగులు, రొయ్యల షెడ్లు, ఒడ్డున వెలిసే రిసార్టులు, రెండంతస్తుల డాబాలు, వీటి విలువ సరిగా కట్టి వసూలు చెయ్యండి. నేను వద్దంటున్నది ఒక్కటే. వసూలుకు ఆస్తి కొలత కావచ్చు, వెలుగుకు ఆస్తి కొలత కారాదు. వెలుగుకు కొలత అడుగులు. ఏ దారిన, ఏ వేళ, ఎంతమంది నడుస్తున్నారన్నదే లెక్క కావాలి.

"పన్ను కట్టనివాళ్ళు అడగకూడదు" అనేవాళ్ళకు ఒక మాట. సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా ఆమె పన్ను కడుతూనే ఉంది. ఊరికి అన్నం పెట్టే చేపను, మిరపకాయను ఆమె చేతులే మోస్తున్నాయి. బాకీ ఎవరు ఎవరికి?

అక్కల్లారా, చెల్లెళ్ళారా! మన పంచాయతీల్లో సగం స్థానాలు ఇప్పుడు ఆడవాళ్ళవే. ఆ సర్పంచుల పక్కన నిలబడదాం. వీధిదీపాల కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది విడిగా చూపించమని గ్రామసభలో అడుగుదాం. అంతకుముందు ఒక అమావాస్య రాత్రి పదిమందిమి సుద్దముక్క పట్టుకుని మన ఊరు తిరుగుదాం. దీపం లేని ప్రతి స్తంభానికీ మనమే ఒక నంబరు వేద్దాం. నంబరు లేనిదే వెలుగు రాదంటున్నారు కదా, ఆ జాబితానే వాళ్ళ చేతిలో పెడదాం.