ప్రపంచం మొత్తానికి ధర కట్టేది ఏ కోర్టు?

జర్మనీలో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి 2022 ఆగస్టు గుర్తుండే ఉంటుంది. ఒప్పో, వన్‌ప్లస్ కంపెనీలు తమ జర్మన్ వెబ్‌సైట్లలో ఫోన్ల అమ్మకం ఆపేశాయి. ఫోన్లలో లోపమేమీ లేదు. నోకియాతో నడిచిన పేటెంట్ గొడవలో అక్కడి కోర్టులు నోకియా వైపు తీర్పిచ్చాయి. రెండు పక్షాలకూ రాజీ 2024 జనవరిలో గానీ కుదరలేదు. ఇలాంటి గొడవలు ఏ దేశం కోర్టులో తేలాలన్నదే ఇప్పుడు యూరప్‌లో పెద్ద వివాదం.

4జీ, 5జీ, వైఫై వంటి ప్రమాణాలతో పనిచేసే ఏ పరికరం తయారు చేయాలన్నా కొన్ని పేటెంట్లు వాడక తప్పదు. వాటిని న్యాయమైన, సహేతుకమైన, వివక్ష లేని షరతులపై ఇస్తామని యజమానులు ముందే మాటిస్తారు. ఆ న్యాయమైన ధర ఎంతో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. పైగా పేటెంట్ ఏ దేశానిది ఆ దేశానికే చెల్లుతుంది. లైసెన్స్ మాత్రం సాధారణంగా ప్రపంచమంతటికీ కలిపి రాసుకుంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

బ్రిటన్ సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో, అన్‌వైర్డ్ ప్లానెట్-హువావే కేసులో, ప్రపంచవ్యాప్త లైసెన్స్ షరతులను తమ కోర్టులు నిర్ణయించవచ్చని తేల్చింది. ఒప్పుకోని కంపెనీ బ్రిటన్‌లో అమ్మకాలు ఆపుకోవాల్సిందే. ఆ లెక్కలు ఎంత మారతాయో ఆప్టిస్-యాపిల్ కేసు చూస్తే తెలుస్తుంది. 2023లో లండన్ హైకోర్టు 5.64 కోట్ల డాలర్లు అంది. 2025 మేలో అప్పీలు కోర్టు, వడ్డీ కాకుండానే, 50.2 కోట్ల డాలర్లు చేసింది.

జర్మన్ కోర్టుల దారి వేరు. అవి సాధారణంగా ధర కట్టవు, అమ్మకాలపై నిషేధం ఇస్తాయి. 2023 జూన్‌లో మొదలైన ఏకీకృత పేటెంట్ కోర్టు ఉత్తర్వు ఇప్పుడు 18 దేశాల్లో ఒకేసారి అమలవుతుంది. రేటు తేలేలోపే నిషేధం పడితే, తయారీదారు అడిగినంత ఇచ్చి బయటపడాల్సి వస్తుంది.

పానాసోనిక్-షియోమీ కేసులో ఈ రెండు దారులూ ఢీకొన్నాయి. లండన్ కోర్టు చెప్పిన షరతులకు ఇద్దరూ ఒప్పుకున్నారు. అయినా పానాసోనిక్ జర్మనీలోనూ, ఏకీకృత కోర్టులోనూ నిషేధం కోసం పట్టుబట్టింది. తుది రేటు వచ్చేదాకా మధ్యంతర లైసెన్స్ ఇవ్వడమే సరైన పద్ధతని 2024 అక్టోబరులో లండన్ అప్పీలు కోర్టు ప్రకటించింది. అంతవరకు బాగానే ఉంది. కానీ 2025 ఫిబ్రవరిలో లెనోవో-ఎరిక్సన్ కేసులోనూ అలాగే ప్రకటించింది. అక్కడ లండన్ నిర్ణయానికి కట్టుబడతానని ఎరిక్సన్ చెప్పలేదు.

ఇక్కడే యూరోపియన్ యూనియన్ వాదన ఆసక్తి కలిగిస్తుంది. ఇతర దేశాల్లో కేసు నడపకుండా చైనా కోర్టులు అడ్డుకుంటున్నాయని 2022లో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసి, 2025 జులైలో మధ్యవర్తుల దగ్గర గెలిచింది. రెండు పక్షాల సమ్మతి లేకుండా చైనా కోర్టులు ప్రపంచ రేట్లు కడుతున్నాయని 2025 జనవరిలో మరో ఫిర్యాదు చేసింది. చైనాను అడిగిన ఆ ప్రశ్న లండన్‌కు వర్తించదా?

దేశానికో కేసు, పేటెంటుకో కేసు వేసుకుంటూ పోతే ఎవరికీ గిట్టదు. ఒకే చోట తేలడం మంచిదే. కానీ ఆ చోటును ఇద్దరూ కలిసి ఎంచుకోవాలి, కోర్టు అయినా మధ్యవర్తి అయినా. ఒకసారి ఎంచుకున్నాక మరో దేశంలో నిషేధంతో మెడ మీద కత్తి పెట్టకూడదు. సమ్మతి లేనప్పుడు ప్రతి కోర్టూ తన దేశపు పేటెంట్ల దగ్గరే ఆగడం మేలు.

కేసుకు ముందే రేటుపై నిపుణుల అంచనా వచ్చేలా బ్రస్సెల్స్ 2023లో ఒక చట్టం ప్రతిపాదించింది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. యాపిల్, హువావేలకు ఏళ్ల తరబడి లాయర్లను పోషించే స్తోమత ఉంది. స్మార్ట్ మీటర్లు, ట్రాకర్లు తయారు చేసే చిన్న సంస్థలకు లేదు. ఇండియాలోనూ ఈ భారం చిన్నది కాదు. ఎరిక్సన్‌కు 244 కోట్ల రూపాయలు చెల్లించాలని 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు లావాను ఆదేశించింది.

యూరప్‌లో ఇలాంటి పరికరాల వ్యాపారం పెట్టే మనవాళ్లు మాడ్యూల్ కొనేటప్పుడే ఒక మాట అడగాలి: పేటెంట్ లైసెన్స్ ఆ ధరలో కలిసి ఉందా, కేసు వస్తే భరించేది ఎవరు? జవాబు ఒప్పందంలో రాయించుకోవాలి.