గీత దాటిన ఆవకాయ

"జీఎస్టీ పెద్ద వ్యాపారాలకండీ, మనకెందుకు?" ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లూ, చీరలు తెచ్చి అమ్మేవాళ్లూ ఈ మాట అంటూనే ఉంటారు. వ్యాట్ రోజుల్లోనూ ఇదే అనేవాళ్లు. 2017 జూలై 1న చాలా సరుకుల మీద వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చాక కూడా అదే ధీమా.

అది సగమే నిజం. సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకి ఏడాది అమ్మకాలు తెలంగాణలో 20 లక్షలు, ఆంధ్రాలో 40 లక్షలు దాటేవరకూ మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇది లాభం లెక్క కాదు, మొత్తం అమ్మకం లెక్క. అయినా వంటింట్లోంచి నడిచే వ్యాపారానికి అది దూరపు గీతే.

మిగతా సగం ఎవరూ చెప్పరు. ఆ వెసులుబాటు సొంత రాష్ట్రంలో అమ్మినంతవరకే. కూకట్‌పల్లిలో పెట్టిన ఆవకాయని డబ్బు తీసుకుని విజయవాడకి పంపారా, ఇక లక్షల లెక్క లేదు, మొదటి సీసాకే రిజిస్ట్రేషన్ కావాలి. (కూతురికి ఊరికే కట్టి పంపిన పచ్చడికి ఏ పన్నూ లేదు లెండి, కంగారు పడకండి.) ఒకసారి రిజిస్టర్ అయ్యాక పక్కింటావిడకి అమ్మిన సీసా మీదా పన్ను కట్టాల్సిందే. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద 1 శాతం కట్టే కాంపొజిషన్ పద్ధతి ఒకటుంది కదా అంటారేమో, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మేవాళ్లకి అది వర్తించదు. అమ్మకమే లేని నెలకి కూడా రిటర్న్ వేయాలి, ఆలస్యమైతే రోజుకి 20 రూపాయలు.

మా ఎదురింటి వదినగారిది గుంటూరు. పెళ్లయి హైదరాబాద్ వచ్చారు. ఆవిడ చేతి గోంగూర రుచి తెలిసినవాళ్లంతా అక్కడే ఉన్నారు. 2014 జూన్‌కి ముందు ఇదంతా ఒకే రాష్ట్రం. ఈ నిబంధన తెలిశాక ఆవిడ ఆ ఆర్డర్లు మానేశారు. నెలకి ఏడెనిమిది వేలు వచ్చే పనికి ఆడిటర్‌ని ఎక్కడ పెట్టుకుంటారు?

సరుకు వాడుకున్న రాష్ట్రానికే పన్ను చేరాలి కాబట్టి ఈ లెక్క అంటారు. సబబే. మరి పక్క రాష్ట్రం పిల్లలకి ఆన్‌లైన్లో సంగీతం నేర్పే టీచరమ్మకి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2017 అక్టోబరులోనే సడలించారు కదా! కొన్ని చేతివృత్తుల వస్తువులకీ పాన్ నంబరు, ఈ-వే బిల్లు ఉంటే చాలన్నారు. 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ యాప్‌లలో అమ్మే చిన్నవాళ్లకీ దారి ఇచ్చారు, అదీ సొంత రాష్ట్రంలోనే. రోట్లో దంచి, చేత్తో కలిపిన పచ్చడి మాత్రం చేతిపని లెక్కలోకి రాదు కాబోలు. అదే పాన్ పద్ధతి పచ్చళ్లకీ, పిండివంటలకీ ఇస్తే ఖజానాకి వచ్చే లోటేమిటో నాకు అర్థం కాదు.

రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. చీరలు వాయిదాల మీద ఇస్తుంటే చూసుకోండి. సరుకు ఇచ్చి బిల్లు రాసిన నెలకే మొత్తం పన్ను లెక్క, మామూలుగా తర్వాతి నెల 20లోపు కట్టేయాలి. కొన్నావిడ మూడో వాయిదా సంక్రాంతికి ఇస్తానన్నారని చెప్పినా ఆ తేదీ ఆగదు.