పొట్టి షాకుకు ఇనుప ముక్క అతికిస్తే పొడుగు షాకు అయిపోదు



లేపాక్షి యాత్రకు ఎవరెవరు సొంత బండ్లు తెస్తున్నారో జాబితా పెట్టినప్పటి నుంచి గ్రూపులో జరుగుతున్న వాదన మీరంతా చూస్తూనే ఉన్నారు. ఎత్తు పెంచిన జీపులు వద్దన్నందుకు మమ్మల్ని "పాతకాలం వాళ్ళు", "మారుతి 800 బ్యాచ్" అన్నారు. అననివ్వండి. మా మాట మాత్రం సూటిగానే చెబుతాం. ముందు సస్పెన్షన్ ఎత్తు పెంచి, పాత షాకబ్జర్లకే ఎక్స్‌టెన్షన్ ముక్కలు బిగించిన బండిలో మన సంఘం పిల్లల్ని ఎక్కించకూడదు. ఎందుకో వివరంగా రాస్తున్నాం. కాస్త ఓపిగ్గా చదవండి.

జీపు ఎత్తు పెంచడమంటే పొడుగు స్ప్రింగులు వేయడం, పాత జీపులైతే కమాను కట్టల దగ్గర మార్పు చేయడం. రెండు అంగుళాలు లేపారనుకోండి. ఛాసిస్ పైకి వెళ్తుంది, యాక్సిల్ కిందే ఉంటుంది. ఆ రెంటి మధ్య ఉన్న షాకు రెండు అంగుళాలు సాగిపోయి నిలబడుతుంది. ఇక చక్రం గుంతలోకి దిగితే షాకు చివరిదాకా సాగి "టక్" మంటుంది. అప్పుడు యాక్సిల్, చక్రాల బరువంతా షాకు మీదే వేలాడుతుంది. షాకు పుట్టింది స్ప్రింగు ఊగిసలాటను ఆపడానికి, బరువు మోయడానికి కాదు. రోజూ అలా గుంజితే బుష్షు చితుకుతుంది, కన్ను తెగుతుంది, చివరికి ఛాసిస్ మీది బ్రాకెట్టే చీలుతుంది.

ఇంతవరకూ మన తమ్ముళ్ళకు తెలుసు. అందుకే గ్యారేజీవాళ్ళు షాకు చివర ఓ ఇనుప ముక్క బిగించి, "ఏనూ ఆగల్ల సార్" అని పంపించేస్తున్నారు. కింద చాలని పొడుగు వచ్చేసిందని అందరికీ సంతోషం. పొట్టి దుప్పటిని కాళ్ళ మీదికి లాగితే తల బయటపడుతుందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలే. మూసుకుంటే 35 సెంటీమీటర్లు, పూర్తిగా సాగితే 55 ఉండే షాకు ఒకటి. బండి నిలబడినప్పుడు 45 దగ్గర ఉంటుంది. అంటే పైకి 10, కిందికి 10. చక్రం 8 సెంటీమీటర్లు పైకి లేవగానే రబ్బరు బంప్ స్టాప్ అడ్డుపడుతుంది కాబట్టి షాకు అడుగంటదు. ఇప్పుడు బండిని 5 సెంటీమీటర్లు లేపి, 5 సెంటీమీటర్ల ముక్క వేశారు. షాకు మళ్ళీ 45కు వచ్చింది. కానీ బంప్ స్టాప్ ఛాసిస్‌తో పాటు పైకి వెళ్ళిపోయింది. చక్రం దాన్ని తాకాలంటే 13 సెంటీమీటర్లు లేవాలి. షాకులో ఉన్నవి 10. అంటే రబ్బరు తగలడానికి 3 సెంటీమీటర్ల ముందే షాకు అడుగంటి, ఇనుము ఇనుమును గుద్దుతుంది. నిన్నటిదాకా గుంతలో దిగినప్పుడు తగిలిన దెబ్బ, ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు తగులుతుంది. రోగం తగ్గలేదు, చోటు మారిందంతే.

"బంప్ స్టాప్ కూడా అంతే కిందికి దింపితే సరిపోతుంది కదా?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. సరిపోతుంది, ఆ దెబ్బ వరకు. అందుకే బాధ్యతగల మెకానిక్ ఆ రెండూ కలిపే చేస్తాడు. మన గ్రూపులో ఫొటోలు పెట్టిన బండ్లలో ముక్కలు కనిపిస్తున్నాయి, దింపిన బంప్ స్టాపులు ఎక్కడా కనిపించలేదు. అవి దింపినా షాకు మొత్తం నడక పెరగదు, 20 సెంటీమీటర్లు 20గానే ఉంటుంది. పైగా ముక్క పొడుగయ్యేకొద్దీ పక్కకు వంచే బలం బోల్టు మీద పెరుగుతుంది. కొత్తగా వచ్చిన ప్రతి అతుకూ వదులయ్యే చోటే. ఇంత తిప్పలు ఎందుకు? పెంచిన ఎత్తుకు సరిపోయే పొడుగు షాకులు దొరుకుతాయి కదా! స్ప్రింగులకు, టైర్లకు, లైట్లకు డబ్బులున్నాయి. షాకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పొదుపు గుర్తొస్తుందా?

ఇంకో మాట. అన్ని జీపులూ ఒకటి కావు. జిమ్నీకి ముందు గట్టి యాక్సిల్, స్ప్రింగు వేరు, షాకు వేరు. 2020లో వచ్చిన థార్‌కు ముందు చక్రాలు దేనికదే విడిగా కదులుతాయి, స్ప్రింగు షాకు చుట్టూనే ఉంటుంది. అక్కడ పైన స్పేసరు వేసి లేపితే చక్రం మామూలు కన్నా కిందికి వేలాడి, బాల్ జాయింటు, డ్రైవ్ షాఫ్టు జాయింటు పడకూడని కోణంలో పడతాయి. జిమ్నీని లేపితే క్యాస్టర్ తగ్గి, స్టీరింగు తనంతట తాను నేరుగా రావడం తగ్గుతుంది. గుట్టల్లో నెమ్మదిగా నడిపేటప్పుడు ఇవేవీ తెలియవు. హెబ్బాళ్ దాటి దేవనహళ్ళి రోడ్డు మీద వందలో పోతున్నప్పుడు తెలుస్తాయి. మన యాత్ర పోయేది ఆ రోడ్డు మీదే.

"బెంగళూరు రోడ్లు ఇలా ఉన్నాయి, వానొస్తే నీళ్ళు, ఎత్తు బండి లేకపోతే ఎలా?" అంటున్నారు. 2023 మే 21న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి, ఆంధ్ర నుంచి వచ్చిన ఓ యువ ఇంజినీరు ప్రాణం కోల్పోయింది. ఆ బాధ మనందరిదీ. కానీ అండర్‌పాస్ నిండా నీళ్ళుంటే రెండంగుళాల ఎత్తు ఎవరినీ కాపాడదు. నీళ్ళు చూసి ఆగడమే కాపాడుతుంది. ఎత్తు బండి ఉందన్న ధైర్యం ఆగాల్సిన చోట ఆగనివ్వదు. మాకు భయం అక్కడే.

ఇక చట్టం. తయారీదారు ఇచ్చిన అసలు లక్షణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ఉంటే క్లెయిము దగ్గర పేచీ తప్పదు. ఆ బండిలో మీతోపాటు పక్కింటివాళ్ళ పిల్లలు కూర్చుంటే, ఆ పేచీ మీ ఒక్కరిది కాదు, సంఘం మొత్తానిది.

బండి మీద ప్రేమ ఉన్న తమ్ముళ్ళంటే మాకు కోపం లేదు. ఆదివారాలు మాల్‌లో తిరిగే బదులు స్పానరు పట్టుకోవడం మంచిదే. కానీ ప్రేమ ఉన్నవాడు బండి కిందికి వెళ్ళి చూస్తాడు. ఫొటోకు ఎంత ఎత్తుగా కనిపిస్తోందో మాత్రమే చూసేవాడిది సోకు.

అందుకే వచ్చే సభలో మా ప్రతిపాదన ఇది. సంఘం యాత్రలకు సస్పెన్షన్ మార్చిన బండ్లలో ఇతర కుటుంబాలవారిని ఎక్కించకూడదు. వాళ్ళకు సంఘమే మినీ బస్సు మాట్లాడుతుంది, ఖర్చు అందరం పంచుకుందాం. ఎక్స్‌టెన్షన్లు వేసుకున్నవాళ్ళు ఈలోగా ఒక్క పని చేయండి. ముందు చక్రం పక్కన వంగి, షాకు కడ్డీ మీద నూనె చెమ్మ ఉందేమో, బ్రాకెట్టు వెల్డింగు దగ్గర సన్నని చీలిక ఉందేమో, చక్రం వేలాడినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకుపోతోందేమో చూడండి. చూసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. ఆ తర్వాత కూడా మా మాట తప్పనిపిస్తే సభలో నిలబడి చెప్పండి, వింటాం.